యాభై ఏళ్ల వరుస

"ఒక్క మాటప్పా. తప్పు జరిగింది అను. అంతే. అక్టోబరులో నువ్వు కూడా వచ్చి వరుసలో నిలబడు."

రాజారత్నం ఈ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. నన్ను ఇబ్బంది పెట్టింది అదే. కోపంతో అడిగినవాడికి కోపంతో బదులు చెప్పి లేచి రావచ్చు. దయతో అడిగినవాడికి బదులు చెప్పాలంటే ముందు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

అది 1982 ఏప్రిల్. భారత వైమానిక దళం పుట్టి ఆ అక్టోబరుకు యాభై ఏళ్లు నిండుతాయి. చిత్తూరు జిల్లా నుంచి ఆ దళంలో పనిచేసి వచ్చినవాళ్లంతా తిరుపతిలో ఒక హైస్కూలు మైదానంలో వరుసగా నిలబడి జెండాకు వందనం చేయాలని మాజీ వైమానికుల సంఘం తీర్మానించింది. రాజారత్నం ఆ సంఘానికి అధ్యక్షుడు. చిత్తూరు మామిడికాయల మండీవాళ్ల ఇంట్లో పుట్టి, స్వాతంత్ర్యం వచ్చాక దళంలో చేరి, వింగ్ కమాండరుగా పదవీ విరమణ చేసి, తిరుపతిలో ఇల్లు కట్టుకున్నాడు. నా పేరు చెంగల్రాయుడు. రేణిగుంట రోడ్డులో ఆయిలింజన్లు, పంపుసెట్లు బాగుచేసే షెడ్డు నాది. అంతకు ముందు, వయసులో ఉన్నప్పుడు, రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్సులో ఇంజను ఫిట్టరును. 1946లో సమ్మె చేసినందుకు నన్ను వెళ్లగొట్టారు.

"చేయని తప్పును చేసినానని ఎట్ల చెప్పేది సార్?"

"సమ్మె చేయలేదా?"

"చేసినాను."

"మరి?"

"సమ్మె చేసినాను. తప్పు చేయలేదు."

ఆయన నవ్వాడు. "నీతో మాట్లాడేదానికి పక్కన ప్లీడరు ఉండల్ల." తరువాత నవ్వు ఆపి, తన ఇంటి వరండా గోడకు ఆనించి ఉన్న కుర్చీని నా వైపు జరిపాడు. నేను కూర్చున్నాను.

"సూడు చెంగల్రాయుడూ. నేను గాల్లో ఉండాను. నా ప్రాణం యాడుండాది? కింద ఎవురో ఒక ఫిట్టరు బిగించిన నట్టులో ఉండాది. వాడి మొగం గూడా నాకు తెలవదు. అయినా ఎక్కినాను. ఏ ధైర్యంతో ఎక్కినాను? పైనోడు చెప్పింది కిందోడు చేసుంటాడనే నమ్మకంతో. ఎయిర్ ఫోర్సంటే ఆ నమ్మకమేనప్పా. రెక్కలు గాదు, ఇంజన్లు గాదు. నువ్వు తెంచింది దాన్ని."

ఆ మాటలో బలం ఉంది. అది బలమైన మాట అని ఈనాటికీ ఒప్పుకుంటాను.

"అప్పుడా పైనోడు ఎవురు సార్?"

"ఎవురైతే ఏంది? ఆర్డరు ఆర్డరే. వాళ్ల హ్యాంగర్లే మనకొచ్చినాయి. వాళ్ల ర్యాంకులే వచ్చినాయి. ఆ నీలిగుడ్డే తొడుక్కున్నాము. రిపబ్లిక్ వచ్చినాక ముందర ఉండే 'రాయల్' అనే మాట ఒకటి తీసేసినాము. దళం అదే."

"అయితే లెక్క రిపబ్లిక్ నించి ఎందుకు వేయలేదు సార్? అట్లేస్తే ముప్పై చిల్లరే కదా వచ్చేది? యాభై ఎట్లొచ్చె?"

"పుట్టింది 1932లో గదా."

"రాజుగారి ఏండ్లను లెక్కలోకి తీసుకున్నారు. మంచిదే. ఆ ఏండ్లలో మా దినం ఒకటుండాది. దాన్ని మాత్రం గేటు బయట పెట్టినారు."

రాజారత్నం వీధి వైపు తిరిగాడు. పక్కింటి మేడ మీద ఎవరో మిరపకాయలు ఆరబోస్తున్నారు. వాటి ఘాటు మా దాకా వచ్చింది.

"ఆ పొద్దు ఎన్.సి.సి. పిల్లోళ్లు వస్తారు సూసేదానికి," అన్నాడు చివరికి. "నిన్ను చూపించి వాళ్లకేం చెప్పమంటావు?"

"జరిగింది చెప్పండి."

"జరిగింది చెప్తే రేపు వాళ్లు..." అని ఆగి, తల అడ్డంగా ఊపాడు. "ఒక్క మాటప్పా. నా ఒక్కడికాడ చెప్పు, చాలు. మైకులో అడగను."

ఆలోచించి చెబుతానని లేచి వచ్చాను. ఆలోచించవలసింది ఏమీ లేదని దారిలోనే తెలిసింది. అయినా ఆలోచించాను. ముసలితనం మొండితనాన్ని సత్యం అని పొరబడుతుంది. నాది ఏదో తేల్చుకోవాలి.

1946 ఫిబ్రవరి. ఉత్తర దేశంలో ఒక వైమానిక స్టేషను. బొంబాయిలో నావికులు తిరగబడ్డారన్న వార్త మాకు చేరింది. అంతకు ముందు నెలలోనే, యుద్ధం అయిపోయింది కదా, మమ్మల్ని ఇళ్లకు పంపమని తెల్ల ఎయిర్‌మెన్లే పని మానేశారు. వాళ్ల దగ్గరికి అధికారులు వెళ్లి మాట్లాడారు. మా దగ్గరికి తుపాకులు వచ్చాయి.

ఆ ఉదయం నేను ఒక ఇంజను మూత విప్పి పని చేస్తున్నాను. స్నేహితుడొకడు వచ్చి, అందరూ మైదానంలో కూర్చుంటున్నారు, రమ్మన్నాడు. వెంటనే వెళ్లలేదు. విప్పిన గొట్టాల మూతులకు దుమ్ము పోకుండా గుడ్డలు కుక్కాను. పనిముట్లన్నీ లెక్కచూసి పెట్టెలో సర్దాను. విమానం దగ్గర పనిచేసేవాడికి ఇది మొదటి పాఠం. ఒక స్పానరు లోపల మరిచిపోతే పైన ఒక మనిషి చచ్చిపోతాడు. మూత దించి, పైన గుడారం గుడ్డ కప్పి, తాళ్లు కట్టి, అప్పుడు వెళ్లి కూర్చున్నాను. నేనే ఆఖరివాణ్ణి. "ఇంజనుకు జోల పాడి వచ్చినావా?" అని అందరూ నవ్వారు.

ఎందుకు కూర్చున్నాను? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. దేశభక్తి అనడానికి నోరు రాదు. అప్పటికి నాకు దేశం గురించి తెలిసింది తక్కువ. ఆకలి అనీ అనలేను. బియ్యంలో పురుగులు మా ఇంట్లో కూడా ఉండేవి. నాకు తెలిసినంతలో కారణం ఇది. ఇంజనుకు ఒక పక్క తెల్లవాడు, ఒక పక్క నేను. ఒకే స్పానరు అతని చేతిలోనుంచి నా చేతిలోకి, నా చేతిలోనుంచి అతని చేతిలోకి తిరిగేది. గంట కొట్టగానే అతను ఒక భోజనశాలకు, నేను మరొక భోజనశాలకు. చేతికి తెలిసిన సమానత్వం కడుపుకు తెలియకూడదన్నారు. అది నాకు అబద్ధంగా తోచింది. అంతకన్న పెద్ద మాట నా దగ్గర లేదు.

ధైర్యం కూడా కాదు. నూరుమంది కూర్చున్నచోట నూట ఒకటోవాడుగా కూర్చోవడానికి పెద్ద ధైర్యం అక్కరలేదు. ఆ తరువాత జరిగిందే నాది. అధికారి ఒకడు వచ్చి, ఎవరో తప్పుదారి పట్టిస్తే కూర్చున్నామని చెప్పినవాళ్లు తిరిగి పనిలోకి పోవచ్చు అన్నాడు. వాడూ దయగానే అన్నాడు. చాలామంది చెప్పారు. వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లకు ఇళ్లున్నాయి. నాకూ ఉంది. నా వంతు వచ్చింది. "నన్ను ఎవరూ ఏ దారీ పట్టించలేదు. నేనే వచ్చి కూర్చున్నాను," అన్నాను.

బ్లేడుతో చొక్కా మీది గుర్తులు కోశారు. టోపీ తీసుకున్నారు.

రేణిగుంట స్టేషనుకు మా నాయన వచ్చాడు. నేను పంపిన ఫోటో మా ఇంట్లో గోడకు ఉండేది. అందులో టోపీ పెట్టుకుని ఉంటాను. నాయన నన్ను తలనుంచి కాళ్లదాకా చూసి అడిగింది ఒక్కటే. "టోపీ యాడరా?"

"తీసుకున్నారు నాయనా."

ఆయన మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక కొందరు నన్ను స్వాతంత్ర్య యోధుణ్ణని చెప్పుకోమన్నారు. చెప్పుకోనన్నాను. నాకు కావలసింది ఆ పేరు కాదు. నేను ఆ దళంలో ఫిట్టరును. సమ్మెకు కూర్చున్నది ఆ ఫిట్టరే. ఒకణ్ణి ఉంచి ఇంకొకణ్ణి తోసెయ్యడం కుదరదు. దొరలు అడిగిన మాట రాజారత్నం మళ్లీ అడిగాడు. అప్పుడు అనని మాట ఇప్పుడు అంటే, మధ్యలో నేను బతికిన బతుకంతా ఎవరిది?

ఇంట్లో చెప్పాను. నా భార్య మునిలక్ష్మి చింతపండులో పీచు తీస్తూ విన్నది.

"తప్పయింది అనమన్నాడా? నిన్నా?"

"ఊఁ."

"నిన్ను కట్టుకుని ఇన్నేండ్లాయె. ఒక్క దినమన్నా నీ నోట ఆ మాట రాలేదు. నాకు చెప్పనోడివి ఆయప్పకు చెప్తావా? చెప్పు, నేనూ వచ్చి వింటాను."

"పరాచికాలాడద్దు మే."

"పరాచికం గాదయ్యా. నీకు ఆ వరుస కావల్లనా, ఆ మాట కావల్లనా?"

"రెండూ."

"రెండూ ఎవురిస్తారు?" అని పీచు పారేయడానికి లేచింది. కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగింది. "ఇయ్యకపోతే తీసుకో."

ఆ మాట అప్పుడు నాకు సరిగా ఎక్కలేదు.

గోవిందస్వామికి ఎక్కువ ఆలోచన అక్కరలేదు. అతను 71 యుద్ధంలో కార్పొరలుగా పనిచేసి వచ్చిన ఫిట్టరు. మా షెడ్డులో నాతోబాటే పని. అక్టోబరు వరుసలో అతనికి చోటు ఉంది. ఆఖరి చోటు, ఎడమ చివర.

"గంగ జాతర వస్తా ఉండాది గదబ్బా," అన్నాడు. "శనివారం దొరవేషం కట్టు. ఆయప్ప ఇంటి ముందర నిలబడి కడిగి పారెయ్యి. ఎవురడిగేది నిన్ను?"

మా తిరుపతిలో గంగమ్మ జాతర వారం రోజులు. మొక్కుకున్న మగవాళ్లు రోజుకొక వేషం కడతారు. వేషం కట్టినవాడు ఎంతటివాణ్ణయినా తిట్టవచ్చు. తిట్లు పడినవాడు కోపం తెచ్చుకోకూడదు. ఆ తిట్టు అమ్మవారికి మొక్కుబడి. శనివారం నాటిది దొరవేషం. ఊరి ఆడవాళ్లను చెరిచిన పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడని, ఎన్ని వేషాల్లో వెదికినా బయటికి రాలేదని, చివరికి ఆమె దొరవేషంలో వచ్చేసరికి దొరకు దండం పెడదామని వెలికి వచ్చాడని, అక్కడ ఆమె వాణ్ణి చంపిందని పెద్దలు చెబుతారు.

శనివారం పొద్దున గోవిందస్వామి నాటకాల కంపెనీనుంచి ఒక టోపీ తెచ్చాడు. దాని అంచున బంగారు రంగు తీగ. ఎల్లప్ప టైలరు కుట్టిన ఖాకీ చొక్కాకు రేకు పతకాలు గుచ్చాడు.

"సూడబ్బా, ఎయిర్ మార్షల్! డప్పుతో పోదాము. ఆయప్ప తలుపు తీసి టోపీ సూస్తానే చెయ్యి దానంతటదే లేస్తాది. అలవాటు, ఆగదు. లేచినాక, 'ఎవురికి సెల్యూట్ కొట్టినావు సార్, పంపుసెట్లోడికా?' అని అడుగు. వీధంతా పొర్లి పొర్లి నవ్వల్ల."

అద్దంలో చూసుకున్నాను. అతను చెప్పింది నిజమే. రాజారత్నం చెయ్యి లేస్తుంది. లేస్తే తేలేదేమిటి? టోపీకి సెల్యూట్ దొరుకుతుందని తేలుతుంది. అది నాకు 1946లోనే తెలుసు. పైగా దొరవేషంతో వెలికి రప్పించడానికి ఎదుటివాడు పాలెగాడై ఉండాలి. రాజారత్నం పాలెగాడు కాదు. వచ్చిన ఇంటిని వచ్చినట్టే నమ్మి, పునాది ఎవరు వేశారని అడగనివాడు. అడగకపోవడం నేరం కాదు. అడిగినవాణ్ణి నేరస్థుడు అనడమే నాకు పేచీ.

"టోపీ తియ్యి," అంది మునిలక్ష్మి గడపలోనుంచి. "దాని కింద నీ మొగం కనబల్లేదు."

టోపీ తీశాను. పతకాలు పీకాను. ఉత్త ఖాకీ చొక్కా, ప్యాంటు మిగిలాయి. గుర్తులు ఉండవలసిన చోట ఏమీ లేవు. రాజు ఇచ్చినవి రాజే కోసుకున్నాడు. రిపబ్లిక్ ఏమీ ఇవ్వలేదు. చెంపలకు గంధం రాసుకుని, జేబులో వేపమండ పెట్టుకున్నాను.

"ఇదేం వేషమబ్బా," అన్నాడు గోవిందస్వామి, మొహం మాడ్చుకుని. "షెడ్డుకు పోయే మాదిరుండావు."

డప్పులతో రాజారత్నం ఇంటి ముందుకు పోయేసరికి జనం మూగారు. ఆయన బయటికి వచ్చాడు. ఆయన భార్య నా కాళ్ల మీద పసుపునీళ్లు పోసింది.

"రాప్పా దొరా! టోపీ లేని దొర ఏం దొరప్పా?" అన్నాడు ఆయన. అందరూ నవ్వారు.

"దొరవేషం గాదు సార్. ఫిట్టరు వేషం."

"అట్లనా. సరే, కానీ. తిట్టు. ఈ వారం మీది." చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆచారం ప్రకారం.

నేను తిట్టలేదు. జరిగింది చెప్పాను. గొట్టాలకు గుడ్డలు కుక్కింది, పనిముట్లు లెక్కచూసింది, తాళ్లు కట్టింది, ఆ తరువాతే వెళ్లి కూర్చున్నది. "నేను తెంచింది నమ్మకాన్ని కాదు సార్. పైన ఎగిరేవాడు నా మింద పెట్టుకున్న నమ్మకాన్ని మూత మూసి, తాడు కట్టి, భద్రంగా పెట్టి పోయినాను. ఎదిరించింది మనిషిని. పనిని గాదు. రెండూ ఒకటే అని మీకెవురో నేర్పినారు. ఎవురు నేర్పినారో ఆలోచన చేయండి. నేను తప్పు చేయలేదు. చేసినానని చెప్పను. మీకు చెప్పను, మీ తరువాత వచ్చేవాళ్లకూ చెప్పను."

 రాజారత్నం మొహం మీద నవ్వు కొంచెం చెదిరి, మళ్లీ వచ్చింది. భార్య చేతిలోని పూలదండ తీసుకుని నా మెడలో వేశాడు. మజ్జిగ ఇచ్చాడు.

"బాగా చెప్పినావప్పా. వేషంలో అన్న మాట గంగమ్మకు పోయినట్లే. నేను మనసులో పెట్టుకోను."

ఈలలు వేశారు. డప్పు అందుకుంది. నా వెనకనుంచి చీర కట్టుకున్న మగాడొకడు దూసుకొచ్చి, మామిడికాయల మండీలో తూకాల గురించి ఆయన వంశాన్నంతా తిట్టడం మొదలుపెట్టాడు. రాజారత్నం అదే నవ్వుతో చేతులు కట్టుకుని విన్నాడు. వాడికీ ఒక దండ వేశాడు.

నేను చేసిన పొరపాటు అప్పుడు తెలిసింది. ఏ మాటకూ శిక్ష లేని వారంలో నా మాట చెప్పాను. శిక్ష లేనిచోట మాటకు బరువు ఉండదు. తిట్టుగా వచ్చింది, తిట్టుగానే పోయింది. అంతకన్న అధ్వాన్నం, ఆయన నన్ను క్షమించాడు. క్షమించాలంటే తప్పు ఉండాలి కదా. నేను అనడానికి ఒప్పుకోని మాటను ఆయన దండగా కట్టి నా మెడలో వేశాడు. నేను మజ్జిగ కూడా తాగాను.

దారిలో దండ తీసి గోవిందస్వామికి ఇచ్చాను.

"ఏందబ్బా, అంత బాగా చెప్పి మొగం అట్ల పెట్టినావు?"

"వేషం కట్టి చెప్పకుండా ఉండాల్సింది," అన్నాను.

"ఇయ్యకపోతే తీసుకో" అని మునిలక్ష్మి అన్న మాట ఇంటికి చేరేలోపల నాకు ఎక్కింది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, పని లేనప్పుడు, గోవిందస్వామిని అడిగాను. "ఇప్పటి ఆర్డర్లు నేర్పు."

"ఎందుకు?"

"నాకు తెలిసినవన్నీ ఇంగ్లీషువి. రైట్ టర్న్, లెఫ్ట్ టర్న్."

అతను స్పానరు కింద పెట్టి నన్ను చూశాడు. "చోటు ఇచ్చినారా?"

"లేదు."

"పోలీసోళ్లు ఉంటారబ్బా ఆడ. లాగి పారేస్తే?"

"లాగితే లాగనీ. జాతర గాదు గదా. ఆ పొద్దు నేను చేసేది ఎవురి మనసులోనన్నా ఉంటాది."

గోవిందస్వామి కాసేపు గడ్డం గోక్కున్నాడు. తరువాత షెడ్డు మధ్యలో నిటారుగా నిలబడి, "సావధాన్!" అని అరిచాడు. ఇంజను తెచ్చిన రైతు ఒకడు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

"నువ్వు కూచోప్పా, నీకు గాదు," అన్నాడు గోవిందస్వామి. "దాహినే ముడ్! అంటే కుడికి. అటు ఎడమ, అటు గాదబ్బా! నీ కాలంలో ఇంగ్లీషోడు అరిచినాడు, నా కాలంలో హిందీవోడు అరిచినాడు. తెలుగులో అరిచేది మన ఇంట్లో ఆడోళ్లే."

అక్టోబరు ఉదయం. మైదానంలో గడ్డి ఇంకా తడిగా ఉంది. సున్నంతో ఒక పొడుగాటి గీత గీశారు. ఆ గీత మీద వరుస, అందరి నెత్తినా టోపీ. కుడి చివర వారంట్ ఆఫీసరుగా దిగిపోయిన పుత్తూరు చెంగయ్య, అందరికన్న పెద్దవాడు. అక్కడినుంచి ర్యాంకు ప్రకారం సార్జెంట్లు, కార్పొరల్లు. ఎడమ చివర గోవిందస్వామి. గీత సరిగ్గా అతని కాళ్ల దగ్గర ఆగిపోయింది. ఎంతమందికి చోటు ఉందో అంతే గీశారు.

నేను అదే ఖాకీ చొక్కాతో వచ్చాను. గంధం లేదు, వేపమండ లేదు. ఎన్.సి.సి. పిల్లలు నిలబడిన వైపునుంచి నడిచి, గోవిందస్వామికి ఎడమ పక్కన నిలబడ్డాను. నా కాళ్ల కింద గీత లేదు, గడ్డి ఉంది.

గోవిందస్వామి తల తిప్పలేదు. పెదాలు కదలకుండా, "వచ్చినావా," అన్నాడు. తరువాత రెండు పాదాలూ కుడివైపుకు జరిపాడు. అతని పక్కవాడు ఏమిటన్నట్టు చూసి, అతనూ జరిగాడు. ఆ పక్కవాడూ. ఆ కదలిక కార్పొరల్లనుంచి సార్జెంట్లకు, సార్జెంట్లనుంచి పైకి, వరుస పొడవునా పాకింది. వాళ్లలో సగంమందికి నేనెవరో తెలియదు. పక్కవాడు జరిగాడు కాబట్టి జరిగారు. దళం నేర్పేది అదే. ఆ చివర చెంగయ్య కూడా ఒక అడుగు పక్కకు వేశాడు. ఆయన బూటు గీత దాటి గడ్డి మీద పడింది. నేనూ కుడికి జరిగాను, నా పాదాలు సున్నం మీదికి వచ్చాయి.

"సావధాన్!"

మడమలు కలిపాను.

రాజారత్నం వరుసను పరిశీలించడానికి కుడి చివరనుంచి బయలుదేరాడు. నీలం కోటు, ఛాతీ మీద పతకాలు, నెత్తిన టోపీ. ఒక్కొక్కరి ముందూ ఆగి, ఏ ట్రేడు, ఏ స్క్వాడ్రను అని అడుగుతున్నాడు. దూరంనుంచే నన్ను చూశాడని నాకు తెలుసు. ఆయన నడక మారలేదు. వరుస పక్కన ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. ఆయన చెయ్యి ఊపితే చాలు.

భయం లేదని అనను. అయితే ఆ భయం నాకు పరిచయమే. నేను దాన్ని ఇరవై ఏళ్ల వయసులో చూశాను. అది మారలేదు. దాని ఎదుట నేను మారానో లేదో చూసుకోవడానికే అక్కడికి వచ్చానేమో.

రాజారత్నం గోవిందస్వామితో మాట్లాడడం అయింది. నా ముందుకు వచ్చి ఆగాడు.

చాలాసేపు చూశాడు. కళ్లలోకి కాదు, నా తల మీద.

"టోపీ యాడ?"

రేణిగుంట స్టేషనులో మా నాయన అడిగిన మాట. వరుసలో లేనివాణ్ణి ఎవరూ టోపీ అడగరు. ఆ సంగతి ఆయనకూ అడిగిన తరువాతే తెలిసిందనుకుంటాను. 

"దొరలు తీసుకున్నారు సార్. మీరింకా ఇయ్యలేదు."



"ఆ మాట?" అన్నాడు రాజారత్నం, నాకు మాత్రమే వినబడేలా.

"అనను సార్."

"ఇది జాతర గాదు."

"తెలుసు సార్. అందుకే వచ్చినాను."

పోలీసుల వైపు చూశాడు. పిల్లల వైపు చూశాడు. తరువాత తల వంచి, నా పాదాల కింది సున్నాన్ని, వరుస పొడవునా ఆ చివర గీత దాటిన చెంగయ్య బూటును చూశాడు. అది ఎలా జరిగిందో ఆయనకు అర్థమై ఉండాలి. ఆయనా ఆ దళంవాడే కదా.

"ట్రేడు?"

"ఇంజను ఫిట్టరు సార్."

తల ఊపలేదు, చెయ్యి కలపలేదు. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి, మైదానం పనులు చూసే మనిషిని పిలిచాడు. "ఈ గీత గీసిందెవురప్పా? పొట్టిగా గీసినారు," అన్నాడు.

జెండా పైకి పోయింది. ఆర్డరు వచ్చింది. వరుసలో అందరి చేతులూ ఒక్కసారిగా నుదుటికి లేచాయి.

నా చెయ్యి లేవలేదు. తొడకు ఆనించి, పిడికిలి బిగించి, జెండాను చూస్తూ నిలబడ్డాను. పిల్లల్లో ఎవరో నన్ను వేలితో చూపించారు. ముసలాయనకు సెల్యూట్ చేయడం రాదనుకుని ఉంటారు.

టోపీ లేనివాడు సెల్యూట్ చేయకూడదు. అది దళం నియమం. నేను నియమం తప్పలేదు.